అమ్మకు చెప్పకు అన్నావు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి గొంతు తగ్గించి మాట్లాడావు. సగం వినపడింది, మిగతా సగం నేను అల్లుకున్నాను. మీ కాలేజీ వెనక చెరువులో రాత్రిళ్లు టిప్పర్లతో మట్టి పోస్తున్నారు. సోమవారం నుంచి మీరు పాతిక మంది ఆ బండ్ల దారికి అడ్డంగా కూర్చుంటారు. పర్మిషన్ ఇవ్వలేదు, పైగా అక్కడ అయిదుగురు గుమిగూడకూడదని ఆర్డరు వేశారు. అయినా కూర్చుంటారు. ఇంతా చెప్పి, ఫోను పెట్టేసే ముందు, "అమ్మకు మాత్రం చెప్పకు తాతయ్యా" అన్నావు.

రాత్రంతా ఆ చివరి మాటే చెవిలో తిరిగింది.

కూర్చోవద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అలా అనే తాతనే అయితే నువ్వు నాకు ఫోను చేసేదానివే కాదు. ముప్పయ్యారేళ్లు మేజిస్ట్రేటు కోర్టుల్లో గుమాస్తాగా చేశాను, అందులో సగం బెంచి గుమాస్తాగా. చట్టం మీరినవాళ్లను రోజూ చూడటమే నా ఉద్యోగం. ఆ చూసిన కళ్లతో నాలుగు ముక్కలు చెబుతాను, నచ్చినవి ఉంచుకో.

కోర్టుకు ఆందోళన కేసులు చాలా వచ్చేవి. రాస్తారోకోలు, బందులు, ముట్టడులు. నడిరోడ్డు మీద టెంటు వేసి, మైకు పట్టుకుని, ఫోటోగ్రాఫరు వచ్చేదాకా లేవని నాయకుడు బోనులోకి రాగానే మారిపోయేవాడు. "నేరం ఒప్పుకుంటావా?" అని అడిగితే, "ఆ రోజు నేను ఊళ్లోనే లేనండి" అనేవాడు. వాయిదాల మీద వాయిదాలు. సాక్షులు రారు, వచ్చినా గుర్తుపట్టరు. ఈలోగా ఆ నాయకుడి పార్టీ గెలుస్తుంది, కేసు ఎత్తేస్తున్నట్టు జీవో వస్తుంది, నేను కట్ట మీద ఎర్ర సిరాతో గీత గీసి రికార్డు గదికి పంపేవాణ్ని.

నా సర్వీసంతటిలో ఒక్క ముసలాయన మాత్రం వేరేగా మాట్లాడాడు. పేరు చెప్పను. చివరి భూములకు నీళ్లు వదలడం లేదని కాలువ లాకుల దగ్గర ఒంటరిగా కూర్చున్నాడు, లేవమంటే లేవలేదు. అదే ప్రశ్న అడిగారు. "కూర్చున్నానయ్యా. నీళ్లు రాకపోతే మళ్లీ కూర్చుంటాను" అన్నాడు. హాలులో ఫ్యాను చప్పుడు వినపడింది. మేజిస్ట్రేటు గారు కాసేపు కలం పట్టుకుని ఊరుకుని, కొద్దిపాటి జరిమానా, కోర్టు లేచేదాకా శిక్ష అన్నారు. అంటే సాయంత్రం కోర్టు ముగిసేదాకా అక్కడే కూర్చోవాలి. ఆయన బల్ల చివర తువ్వాలు పరుచుకుని అయిదింటిదాకా కూర్చున్నాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను. ఆ రోజు ఆ గదిలో తల ఎత్తుకుని ఉన్న మనిషి ఆయనొక్కడే అనిపించింది నాకు. చట్టం నుంచి తప్పించుకునేవాడికీ, చట్టాన్ని మీరి దాని ఎదుటే వచ్చి నిలబడేవాడికీ తేడా నాకు ఆయన్ను చూశాకే తెలిసింది.

1917 ఏప్రిల్ 18న మోతీహారీ కోర్టులో గాంధీ చేసింది కూడా అదే కదా. చంపారన్ నీలిమందు రైతుల గోడు విందామని వెళ్తే, జిల్లా విడిచి పొమ్మని సెక్షన్ 144 కింద నోటీసిచ్చారు. ఆయన పోలేదు. ఆజ్ఞ మీరినందుకు శిక్షాస్మృతి 188 కింద కేసు పెట్టారు. ముద్దాయి తనే లేచి, అవును మీరాను, శిక్ష తగ్గించమని అడగను అని చెప్పేసరికి సర్కారు వకీలుకు వాదించడానికి ఏమీ మిగల్లేదు. మేజిస్ట్రేటు తీర్పు చెప్పలేక వాయిదా వేశాడు. కొద్ది రోజుల్లోనే కేసు ఎత్తేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

నీకు తెలుసో లేదో, రేపు మీ మీద పెట్టబోయేది ఆ కేసే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాల్లో 144 కాస్తా 163 అయింది, 188 కాస్తా 223 అయింది. నంబర్లు మారాయి గానీ సరుకు అదే. ఆరు నెలల దాకా సాధారణ ఖైదు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చే పని అయితే ఏడాది దాకా. ఆజ్ఞ వేసిన అధికారి తరఫున రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే తప్ప కోర్టు ఈ కేసును విచారణకు తీసుకోకూడదనే మెలిక ఒకటుంది. పోలీసులు అది మరిచిపోయి కాగితాలు పెడతారు, అవి కొట్టుకుపోతాయి. ఆ మెలిక వాడుకోవడంలో తప్పు లేదు, చట్టం ఇచ్చిన రక్షణే అది. అయితే "కూర్చోలేదు" అని మాత్రం అనకు. ఎవరడిగినా, ఎప్పుడడిగినా.

ఇక మన ఇంటి సంగతి. నీకు చిన్నప్పుడు చెప్పాను, అప్పుడు నువ్వు నిద్రపోయావు.

చీరాల ముందు గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, ఇప్పుడు బాపట్ల. జిల్లాలు మూడు మారినా ఊరు కదల్లేదు. కదిలింది ఒక్కసారే, 1921లో. మా నాయనమ్మకు అప్పటికి పదహారేళ్లు, కాపురానికి వచ్చి ఏడాది.

చీరాల, పేరాల కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. ఏటా 4,000 రూపాయల దగ్గరుండే పన్ను 40,000కు ఎక్కిందని చరిత్రకారులు రాస్తారు. నేతపని చేసుకునే ఊరికి అది ఎంత బరువో లెక్క వేసుకో. వద్దు మొర్రో అన్నారు, అర్జీలు పెట్టారు. పన్ను కట్టనివాళ్లలో కొందరిని జైలుకు పంపారు, వాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉంది. స్థానిక పాలన మంత్రి పానగల్ రాజా వచ్చి చూసి వెళ్లినా ఒరిగిందేమీ లేదు. అప్పుడు ముందుకొచ్చినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎమ్మే చదివి, కాషాయం కట్టుకుని తిరిగిన మనిషి. రామదండు అని కార్యకర్తల దళాన్ని కట్టాడు. బెజవాడ కాంగ్రెసు సమావేశం అయ్యాక ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. రెండు దారులు చెప్పాడు: శాంతంగా పన్ను ఎగ్గొట్టి శిక్ష పడండి, లేదా ఊరు వదిలి వెళ్లిపోండి. రెండోది ఎంచుకున్నారు.

ఊరంటే ఊరే, అమ్మడూ. దాదాపు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి, మునిసిపాలిటీ ఎల్లకు అవతల తాటాకు పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎల్ల దాటితే పన్ను లేదు. సర్కారును ఎదిరించడానికి ఇంత చట్టబద్ధమైన దారి నేనింకోటి వినలేదు.

మా నాయనమ్మ దుగ్గిరాల గురించి ఎక్కువ చెప్పేది కాదు. మగ్గం గురించి చెప్పేది. మనది గుంట మగ్గం. ఇంట్లో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టి నేయాలి. ఆ గుంట చెమ్మే నూలుకు ప్రాణం. మగ్గాన్ని విప్పి బండి మీద వేసుకుపోవచ్చు, గుంటను వేసుకుపోలేరు కదా. అక్కడ ఇసక నేల. ఎంత తవ్వినా పక్కలు జారిపోయేవట. వైశాఖం ఎండకు పడుగు పెళుసెక్కి పుటుక్కున తెగేదట. తడిగుడ్డలు కప్పి, రాత్రి చల్లబడ్డాక నేసేవాళ్లు. తర్వాత వానలు, కారే పాకలు. మళ్లీ ఎండలు ముదిరేదాకా, మొత్తం పదకొండు నెలలు అలాగే.

నాయనమ్మ ఇదంతా గొప్పగా చెప్పేది కాదు. నడుం నొప్పి వచ్చినప్పుడు చెప్పేది.

ఆ పదకొండు నెలల బాధ ఎవరి పద్దులో రాశారో చూడు. ఒక్కరి బండి ఆపలేదు, ఒక్కరి అంగడి మూయించలేదు. ఎండ వాళ్లే కాశారు, వాన వాళ్లే తడిశారు, నేత వాళ్లదే పాడైంది. నేను కోర్టులో చూసిన బందుల్లో బాధంతా ఎదుటివాడి పద్దులో ఉండేది. ఆసుపత్రికి పోయేవాడిది, కూలికి పోయేవాడిది, పరీక్షకు పోయేవాడిది. బందు పిలిచినవాడి ఇంట్లో ఆ పూట కూడా భోజనం వేళకే అయ్యేది.

చీరాలవాళ్లు గెలిచారా అంటే, లేదు. బరంపురంలో మాట్లాడవద్దన్న ఆజ్ఞ మీరినందుకు దుగ్గిరాలకు ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైల్లో పెట్టారు. ఆయన లేక జనం సడలారు. పాకలు వదిలి తిరిగొచ్చారు. మునిసిపాలిటీ తప్పలేదు. దుగ్గిరాల 1928లో, 39 ఏళ్లకే పోయాడు. సభల్లో ఈ కథ చెప్పేవాళ్లు ఊరు వదిలిన దగ్గర ఆపేస్తారు. తిరిగొచ్చిన నాటి ముఖాలు నాయనమ్మ చూసింది. అందుకని నీకు అదీ చెబుతున్నాను. మీ చెరువు కూడా దక్కకపోవచ్చు. దక్కకపోయినా కూర్చోగలవా అన్నది ఇప్పుడే తేల్చుకో, టిప్పరు ముందుకు వెళ్లాక కాదు.

"అది తెల్లదొరల కాలం తాతయ్యా, ఇప్పుడు మన ఓటు, మన చట్టం" అని నీ స్నేహితుల్లో ఎవరో ఒకరు అంటారు. అనాలి కూడా. ఆ మాట అందరికంటే గట్టిగా అన్నది అంబేద్కర్. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, రాజ్యాంగ మార్గాలు లేనినాడు సత్యాగ్రహానికీ శాసనోల్లంఘనకూ అర్థం ఉండేది, అవి తెరుచుకున్నాక ఈ దారులు వదిలేయాలి, లేకుంటే మిగిలేది అరాచకమే అన్న అర్థంలో హెచ్చరించాడు. నేను కోర్టు మనిషిని, ఆ మాటను తేలిగ్గా తోసెయ్యలేను. పైగా అంత మాట అనే హక్కు ఆయన సంపాదించుకున్నాడు. అదీ ఒక చెరువు దగ్గరే.

మహాడ్‌లో చవదార్ చెరువు. అంటరానివాళ్లన్నవాళ్లు ఆ నీళ్లు ముట్టకూడదు. మునిసిపాలిటీ అప్పటికే చెరువును అందరికీ తెరిచింది, అడ్డం పడ్డది ఊరి పెద్దకులాలు. 1927 మార్చి 20న వేల మందితో వెళ్లి నీళ్లు తాగాడు. దెబ్బలు తిన్నారు. డిసెంబరులో మళ్లీ వెళ్దామని జనం కూడితే, ఈలోపు ఎదుటి పక్షం సివిల్ కోర్టు నుంచి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చింది. వచ్చిన జనం ముందుకే అన్నారు. ఆయన ఆపాడు. కోర్టులో తేల్చుకుందామన్నాడు. బొంబాయి హైకోర్టులో చివరి తీర్పు 1937లో వచ్చింది, ఆయన పక్షానే. దోసెడు నీళ్ల కోసం పదేళ్లు వాయిదాలు తిరిగిన మనిషి బుజ్జమ్మా ఆయన. మనం ఒక్క అర్జీ పెట్టి, వారం చూసి, "వ్యవస్థ కుళ్లిపోయింది" అంటే ఆయన ముందు నిలబడలేం.

కాబట్టి ముందు అడుగుతున్నాను. చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దుల (ఎఫ్‌టీఎల్) మ్యాపు తెచ్చుకున్నారా? సమాచార హక్కు కింద అడిగారా? ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి నంబరు ఉందా? గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లే సంగతి వకీలుతో మాట్లాడారా? ఇవి చేసి ఉంటే ఆ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి, కూర్చునే చోటికి తీసుకెళ్లు. చెయ్యకపోతే సోమవారాన్ని ఇంకో సోమవారానికి జరపండి.

ఇంత చెప్పి కూడా, అంబేద్కర్ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోయింది ఒక్కచోట. చవదార్ చెరువు పదేళ్లు ఆగింది, నీళ్లు అక్కడే ఉన్నాయి. మీ చెరువు ఆగదు. స్టే వచ్చేలోపు పూడిపోతే ఆ తర్వాత వచ్చే తీర్పు కాగితం మీదే ఉంటుంది. కోర్టు తలుపు తెరిచే ఉన్నా తీర్పు ఆలస్యమైతే పోయేది మళ్లీ రానిదైనప్పుడు, దారికి అడ్డంగా కూర్చోవడానికి స్వతంత్ర దేశంలో కూడా చోటుందని నేననుకుంటాను. తప్పయితే అంబేద్కర్ క్షమించాలి.

స్వతంత్రం వచ్చాక మన కళ్లముందు జరిగిందే ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివారు, ఊళ్లో సారా దుకాణం మూయించిన కథ. చదివి ఊరుకోకుండా, అదే ఊరి రోశమ్మతో కలిసి తమ ఊరి దుకాణం మూయించారు. ఆ దుకాణం దొంగది కాదు, సర్కారు వేలంపాటలో లైసెన్సు ఇచ్చిన దుకాణం. లెక్క ప్రకారం చట్టం మీరింది ఆడవాళ్లే. ఆ గాలి జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆపేదాకా వెళ్లింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో అది ఎత్తేశారు. ఓట్లు, అసెంబ్లీ, కోర్టులు అన్నీ ఉన్న రోజులే అవి. తాగొచ్చి కొట్టే మొగుడి సంగతి వాటిలో దేనికీ వినపడలేదు, దుకాణం ముందు కూర్చున్నాక వినపడింది. అన్నిచోట్లా అంతా శాంతంగా జరగలేదు, ప్యాకెట్లు పారబోశారు, తగలబెట్టారు. అది నేను దాచను. కానీ వాళ్లు మొహాలకు గుడ్డలు కట్టుకోలేదు.

ఇప్పుడు మీ పాతిక మంది సంగతి.

టిప్పరు డ్రైవరుకు ట్రిప్పుకింత అని ఇస్తారు. మీరు ఆపిన ప్రతి ట్రిప్పూ అతని కూలి. అతనికి ఆ చెరువుతో తగాదా లేదు. ముందు రోజే వెళ్లి, రేపు కూర్చుంటాం అన్నా, నీ మీద కోపం లేదని చెప్పండి. హోంగార్డుకు కూడా. ఆ దారిలో అంబులెన్సు గానీ, స్కూలు బస్సు గానీ వస్తుందా చూసుకోండి, వస్తే లేచి దారివ్వండి, మళ్లీ కూర్చోండి. ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా విషయంలో 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు నిరసన హక్కును ఒప్పుకుంటూనే, అందరూ నడిచే దారిని ఎంతకాలమంటే అంతకాలం ఆక్రమించడం కుదరదంది. మీకు కావలసింది మట్టి బండ్ల దారి ఒక్కటే కదా, ఊరి దారి మీకెందుకు?

మీలో స్కాలర్‌షిప్పు మీద చదివేవాళ్లు ఉంటారు, తండ్రి కూలి మీద బతికే పిల్లలు ఉంటారు. కేసంటే అందరికీ ఒకే బరువు కాదు. నీకు వకీలును పెట్టడానికి తాత ఉన్నాడు. వెనక్కి తగ్గేవాణ్ని పిరికివాడని ఒక్కరు కూడా అనకూడదు. ఆఖరి నిమిషంలో లేచి వెళ్లినా సరే. రేపు ఉద్యోగాల ఫారాల్లో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని అడుగుతారు. అప్పుడు నిజమే రాయాలి. చిన్న కేసు వల్ల కంటే దాచినందువల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను ఎక్కువ చూశాను. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అసాధారణమైన కారణం ఉంటే తప్ప పొద్దుగుంకాక, తెల్లవారకముందు ఆడపిల్లల్ని అరెస్టు చేయకూడదు. అలా చెయ్యాల్సొచ్చినా మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. ఇవి గోడ మీద రాసి పెట్టుకోండి.

ఇంకొకటి, ఇది అమెరికా సంగతి. నల్లవాళ్లకు భోజనం పెట్టని హోటలు బల్లల దగ్గర నాష్‌విల్‌లో 1960 ఫిబ్రవరిలో విద్యార్థులు కూర్చున్నారు. మీ వయసువాళ్లే. వాళ్లకు నేర్పినవాడు జేమ్స్ లాసన్, అంతకుముందు మూడేళ్లు మన నాగపూర్‌లో ఉండి వెళ్లినవాడు. నెలల తరబడి రిహార్సలు చేయించాడు. ఒకరు కూర్చుంటే ఇంకొకరు బూతులు తిట్టడం, జుట్టు పట్టి లాగడం, తోసెయ్యడం. చెయ్యి లేవకుండా ఉండగలిగినవాళ్లే వెళ్లారు. మంచి బట్టలు వేసుకుని, పుస్తకాలు పట్టుకుని వెళ్లారు. జరిమానా కట్టం, జైలుకే పోతాం అన్నారు. మే 10కల్లా ఆ బల్లలు తెరుచుకున్నాయి. మీలో ఎవరికి ముక్కుమీద కోపమో నీకు తెలుసు. వాణ్ని వంటపనికి పెట్టు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా పోలీసు స్టేషను తగలబడ్డందుకు గాంధీ దేశమంతా ఉద్యమం ఆపాల్సి వచ్చింది. మీ పాతిక మందిలో ఒకడు రాయి విసిరితే మర్నాడు పేపర్లో చెరువు ఉండదు, రాయే ఉంటుంది.

ఇక అమ్మ.

ఆమెకు భయం అని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ భయం నా ఉద్యోగం వల్ల వచ్చిందే. చిన్నప్పుడు నా వెంట కోర్టుకు వచ్చి, సంకెళ్లు చూసి రెండు రోజులు అన్నం తినలేదు. ఆమె ఏడుస్తుంది, అరుస్తుంది, చదువు మానిపించి తీసుకొచ్చేస్తానంటుంది. ఆర్డరు మీరి అందరి ఎదుటా కూర్చుంటానంటున్న పిల్లవు, కన్నతల్లికి దాచి ఎలా కూర్చుంటావు? ఆ లాకుల ముసలాయన పొద్దున ఇంట్లో చెప్పే బయల్దేరి ఉంటాడని నా నమ్మకం, ఎందుకంటే మధ్యాహ్నం అతని భార్య సద్ది తెచ్చి కోర్టు వరండాలో కూర్చుంది.

అందుకని దాచమన్న నీ మాటకు నేను ఒప్పుకోలేను. చెప్పాల్సింది మాత్రం నువ్వే, నేను చెప్పను. ఎనిమిదిన్నరకు ఆమె వంటింటి పని అయిపోతుంది, అప్పుడు చెయ్యి. మొదటి పది నిమిషాలు ఏమీ మాట్లాడకు, అననీ. ఆ తర్వాత ఫైలులో ఏమేం కాగితాలున్నాయో వరసగా చదివి వినిపించు.

శనివారం రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు తీసుకున్నాను, రెండు బెర్తులు. ఒకటి నాకు. రెండోది మీ అమ్మ పేరున, ఆమె వస్తానంటే. నల్లకోటు వకీలు ఫోను నంబరు, నీ పాత దుప్పటి, మగ్గం మీద మిగిలిన తువ్వాళ్లు అయిదారు సంచిలో పెట్టాను. నేల మీద పరుచుకోవడానికి పనికొస్తాయి.

మీ తాతయ్య